కుందేలుకు పదేళ్ల ఆయుష్షు.. మీ ప్లాన్‌లో దానికి చోటుందా?

పెట్స్ అంటే ఇష్టమే. కానీ కొనడం కంటే దత్తత మేలు. దానికంటే ముందు మీ రాబోయే ఐదేళ్లను ఓసారి చూసుకోవడం ఇంకా మేలు.

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ అయిపోయింది. గ్రూప్-2కు చదవాలా, బ్యాంకు పరీక్షలకా, ప్రైవేటు కొలువు చూసుకోవాలా అన్నది ఇంకా తేలలేదు. కాస్త ఖాళీ దొరికితే చేతిలో ఫోన్. ఫోన్‌లో రీల్. రీల్‌లో తెల్లటి కుందేలు, బుగ్గల నిండా గింజలు కుక్కుకున్న హ్యామ్‌స్టర్, భుజమ్మీద వాలిన లవ్‌బర్డ్. ‘కావాలంటే మెసేజ్ పెట్టండి, హోం డెలివరీ ఉంది’ అని కింద ఓ మాట. నర్సీపట్నంలో ఉన్నా సరే, విశాఖ దాకా వెళ్లి తెచ్చుకోవచ్చు, లేదంటే ఇంటికే తెప్పించుకోవచ్చు. ‘ఒక్కటే కదా, ఏమవుతుంది?’ అనిపిస్తుంది.

ఇంకో రకం వీడియోలూ మీకు తగిలే ఉంటాయి. ‘ఉద్యోగం కోసం ఎందుకు ఎదురుచూస్తారు? ఒక జత కుందేళ్లు కొనండి, ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అంటూ ఊరిస్తాయి. ఒకటి ప్రేమతో కొనిపించేది, రెండోది ఆశతో కొనిపించేది. రెండింటిలోనూ మీ చేతికి వచ్చేది ప్రాణమున్న జీవి. కాబట్టి జేబులో డబ్బు లెక్కపెట్టుకునే ముందు వేయాల్సిన లెక్క ఇంకొకటుంది. అదే ఆయుష్షు లెక్క.

అది బతికినన్నాళ్లూ మీరెక్కడ?

బాగా చూసుకుంటే పెంపుడు కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. గినీపిగ్ ఐదు నుంచి ఎనిమిదేళ్లు. హ్యామ్‌స్టర్‌ది రెండు మూడేళ్ల జీవితం. బడ్జీ పిట్టలు ఐదు నుంచి పదేళ్లు ఉంటాయి. ఇంట్లో పెరిగే కుక్క పది పన్నెండేళ్లు, పిల్లి అంతకంటే ఎక్కువే తోడుంటాయి.

ఇప్పుడు మీ సంగతి చూడండి. వచ్చే ఏడాది విశాఖలోనో హైదరాబాద్‌లోనో కోచింగ్. ఆపైన హాస్టల్. ఉద్యోగం వస్తే బెంగళూరో, పుణెనో, మరెక్కడో. ప్రొబేషన్, ట్రాన్స్‌ఫర్, పెళ్లి.. ఇవన్నీ ఒక కుందేలు జీవితకాలంలోనే జరిగిపోతాయి. పీజీ హాస్టళ్లలో చాలావరకు పెట్స్‌ని రానివ్వరు. అద్దె ఇంటికి వెళ్తే ఓనర్ ఒప్పుకోవాలి, రూమ్‌మేట్స్ ఒప్పుకోవాలి. చివరికి ఏమవుతుంది? మీరు తెచ్చిన పెట్ బాధ్యత అమ్మ మీద పడుతుంది. ఆమెకు ఓపిక ఉంటే సరే. లేకపోతే అది చేతులు మారుతుంది, లేదా వీధిలో పడుతుంది.

‘కుందేలే కదా, పొలంలో వదిలేస్తే గడ్డి తిని బతుకుతుంది’ అనుకునేవాళ్లూ ఉన్నారు. అది పొరపాటు. మన పొలాల్లో, తుప్పల్లో కనిపించే చెవులపిల్లి వేరే జాతి. దుకాణాల్లో అమ్మే తెల్ల కుందేలు ఐరోపా జాతి నుంచి తరతరాలుగా మనుషుల చేతిలో పెరిగింది. దానికి దాక్కోవడం తెలియదు, రంగు కూడా దాగనివ్వదు. కుక్కకో, గద్దకో చిక్కడానికి ఒక్క రాత్రి చాలు. పైగా ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం-1960 కింద నేరం కూడా.

ఆ ముద్దొచ్చే పిల్ల ఎక్కడి నుంచి వస్తుంది?

దుకాణంలో మీకు కనిపించేది పిల్ల ఒక్కటే. దాని తల్లి కనిపించదు. అసలు కథంతా ఆ తల్లిది.

కుందేలు నాలుగు నుంచి ఆరు నెలల వయసుకే ఎదకు వస్తుంది. చూడి కాలం నెల రోజులే. ఈనిన వెంటనే మళ్లీ చూడి కట్టగలదు. ఈ లక్షణమే దానికి శాపం. అమ్మకం కోసమే పిల్లలు తీసే చోట ఆడ కుందేలుకు విరామం ఉండదు. పాలిస్తూనే మళ్లీ చూడితో ఉంటుంది. తీగల అడుగు ఉన్న బోనులో నిలబడి నిలబడి కాళ్లకు పుండ్లు పడతాయి. పిల్లలు తగ్గిపోయాక ఆ తల్లితో పని ఉండదు. గినీపిగ్‌లు, హ్యామ్‌స్టర్లు, బడ్జీలు, చివరికి ఖరీదైన జాతి కుక్కలు, పిల్లుల విషయంలోనూ పద్ధతి ఇదే. వీటినే ఇంగ్లిష్‌లో ‘మిల్స్’ అంటారు. మిల్లులో సరుకు తీసినట్టు పిల్లలను తీస్తారు కాబట్టి ఆ పేరు.

ఇందులో కొనేవాళ్లకూ నష్టముంది. పిల్ల ఎంత చిన్నగా ఉంటే అంత తొందరగా అమ్ముడుపోతుంది. అందుకే పాలు మరవకముందే తల్లి నుంచి వేరు చేస్తారు. టీకాలు పడని కుక్కపిల్లలను ఇరుకు బోనుల్లో కలిపి ఉంచితే పార్వో వైరస్ చుట్టేస్తుంది. ఇంటికి తెచ్చిన నాలుగో రోజుకో ఐదో రోజుకో వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. కొన్నంత డబ్బు మళ్లీ వైద్యానికి పెట్టినా దక్కుతుందన్న నమ్మకం ఉండదు. కుందేళ్లదైతే ఇంకో చిక్కు. చిన్నప్పుడు ఆడో మగో గుర్తించడం కష్టం. ‘రెండూ ఆడవే’ అని చెప్పి ఇచ్చిన జత కొన్ని నెలలకే గంపెడు పిల్లలైన ఇళ్లు తక్కువేం కాదు.

చట్టం ఏమంటోంది?

పెట్స్ అమ్మకానికి మన దేశంలో నియమాలు లేవనుకోకండి. ఉన్నాయి. కొనేవాళ్లు అడగకపోవడం వల్లే అవి కాగితం దాటి రావడం లేదు.

కుక్కల బ్రీడింగ్, మార్కెటింగ్ నియమాలు 2017లో వచ్చాయి. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి. 18 నెలలు నిండని ఆడ కుక్కకు ఈతలు కట్టించకూడదు. జీవితం మొత్తమ్మీద ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

ఆ మరుసటి ఏడాది, 2018లో, పెట్ షాప్ నియమాలు వచ్చాయి. ఇందులో కుక్క, పిల్లితో పాటు కుందేలు, గినీపిగ్, హ్యామ్‌స్టర్, ఎలుక జాతులు, పంజరం పక్షులు కూడా పెంపుడు జంతువుల కిందికే వస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా దుకాణం నడపకూడదు. వారపు సంతలో పెట్టుకునే అమ్మకానికి, ఆన్‌లైన్ అమ్మకానికి కూడా ఇవే నియమాలు. కాబట్టి ‘మీ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి’ అని అడిగే హక్కు మీకుంది. జవాబు రాకపోతే ఆ చాటింగ్ అక్కడితో ఆపేయొచ్చు.

అయితే ఓ లోటుంది. తల్లికి ఎన్ని ఈతలు, ఎంత విరామం అన్న లెక్క 2017 నియమాల్లో కుక్కలకే పరిమితం. తల్లి కుందేలు గురించి, తల్లి గినీపిగ్ గురించి అంత వివరంగా ఎవరూ రాయలేదు. ఇక 1960 చట్టంలోని జరిమానా చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మొదటిసారి నేరానికి 10 రూపాయల నుంచి 50 రూపాయలు! ఇంత తక్కువ శిక్ష ఉన్నప్పుడు వ్యాపారాన్ని నిజంగా ఆపగలిగేది కొనేవాడి నిర్ణయం ఒక్కటే.

ఏజెన్సీకి ముఖద్వారంలాంటి నర్సీపట్నంలో ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. రామచిలుక పెంపుడు పక్షి కాదు. వన్యప్రాణుల సంరక్షణ చట్టం-1972 కింద రక్షణ ఉన్న పక్షి. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం అన్నీ నేరమే. మైనా, నక్షత్ర తాబేలు కూడా అంతే. ‘కొండ నుంచి తెచ్చాం, తక్కువకే ఇస్తాం’ అని ఎవరైనా అంటే జాలిపడి కొనకండి. మీరు ఇచ్చే డబ్బుతో రేపు ఇంకో గూడు ఖాళీ అవుతుంది. పట్టణంలోని అటవీ శాఖ కార్యాలయానికి చెప్పడం మంచిది. ప్రభుత్వ ఉద్యోగానికి ప్రిపేరవుతున్నవాళ్లు సరదా కోసం చట్టంతో చిక్కు తెచ్చుకోవద్దు.

బయటి దేశాలు ఏం చేశాయి?

మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన కాలిఫోర్నియాలో 2019 జనవరి 1 నుంచి పెట్ షాపుల్లో బ్రీడర్ల దగ్గరి కుక్కలు, పిల్లులు, కుందేళ్లు అమ్మడానికి లేదు. షెల్టర్ల నుంచి, రెస్క్యూ సంస్థల నుంచి వచ్చినవే దుకాణంలో ఉండాలి. చట్టంలో కుందేలు పేరు కూడా ఉండటం గమనించండి.

ఇంగ్లండ్‌లో ‘లూసీ చట్టం’ 2020 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉంది. లూసీ ఓ కుక్క పేరు. వేల్స్‌లోని ఒక బ్రీడింగ్ కేంద్రంలో వరస ఈతలతో చితికిపోయిన దాన్ని 2013లో కాపాడారు. ఆరు నెలల లోపు కుక్కపిల్లలను, పిల్లికూనలను దళారుల ద్వారా అమ్మడం ఇప్పుడక్కడ కుదరదు. కావాలంటే పెంచినవారి దగ్గరికి నేరుగా వెళ్లాలి, తల్లి పక్కన ఉండగా పిల్లను చూసి తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో 2024 నుంచి పెట్ షాపుల్లో కుక్కలు, పిల్లుల అమ్మకం ఆగిపోయింది.

ఈ చట్టాల వెనక ఉన్న సూత్రం ఒక్కటే. తల్లిని చూపించలేని చోట పిల్లను కొనొద్దు. దీన్ని పాటించడానికి మనకు కొత్త చట్టం అక్కర్లేదు.

మన దగ్గర దత్తత ఎలా?

‘నర్సీపట్నం లాంటి ఊళ్లో దత్తతకు ఎవరిస్తారు?’ అన్న సందేహం సహజం. పెద్ద షెల్టర్ ఉండాల్సిన పనిలేదు. వెతికే తీరు తెలిస్తే చాలు.

మొదట పశువుల ఆసుపత్రిలో అడగండి. పెట్స్ ఉన్నవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే చోటది. బదిలీ అయి వెళ్లిపోతున్నవాళ్లు, ‘రెండు ఆడవే’ అనుకుని పది కుందేళ్లకు యజమానులైనవాళ్లు, పిల్లి ఈని నాలుగు పిల్లలైతే ఏం చేయాలో తెలియనివాళ్లు అక్కడి సిబ్బందికి తెలుస్తారు. ఇంట్లో వద్దనుకుంటున్న కుందేలును మీరు తీసుకుంటే దానికి కొత్త ఇల్లు దొరుకుతుంది, దుకాణంలో ఒక బేరం తగ్గుతుంది.

రెండోది విశాఖ. అక్కడ ప్రదీప్ కుమార్ నాథ్ 1996లో మొదలుపెట్టిన విశాఖ జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ ఉంది. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు 1992లో అమల అక్కినేని ప్రారంభించిన బ్లూక్రాస్ ఉంది. ఇలాంటి చోట్ల దత్తత అంటే అడగ్గానే చేతిలో పెట్టేయరు. ఇల్లు ఎలాంటిది, ఇంట్లో ఎవరున్నారు, పగలంతా ఎవరు చూస్తారు అని అడుగుతారు. విసుక్కోకండి. డబ్బు తీసుకుని ఏమీ అడగకుండా ఇచ్చేవాడికంటే ఇన్ని ప్రశ్నలు వేసేవాళ్లే ఆ జీవి మంచి కోరేవాళ్లు.

మూడోది మీ వీధి. గేటు దగ్గర తిరిగే కుక్కపిల్ల, ప్రహరీ మీద కూర్చునే పిల్లికూన కూడా దత్తతకు అర్హమైనవే. మన ఎండకు, మన తిండికి అలవాటుపడ్డ ఒళ్లు వాటిది. చలి దేశాల హస్కీని తెచ్చి మే నెలలో దానికోసం ఏసీ వెతుక్కునే బాధ ఉండదు.

వీధికుక్కలంటే భయం ఉండటంలో తప్పులేదు, కాట్ల సమస్య నిజమే. సుప్రీంకోర్టు కూడా దీనిపై వరుసగా ఆదేశాలిచ్చింది. 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో, ఇష్టమున్నవాళ్లు స్థానిక సంస్థకు దరఖాస్తు చేసుకుని వీధికుక్కలను దత్తత తీసుకోవచ్చని, అయితే వాటిని మళ్లీ వీధిలోకి వదలకూడదని చెప్పింది. ఎక్కడపడితే అక్కడ కాకుండా కేటాయించిన చోటే తిండి పెట్టాలంది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. అంటే మూడేళ్లుగా క్యాంటీన్ దగ్గర మీరు బిస్కెట్ వేస్తున్న కాలేజీ కుక్కకు ఇప్పుడు ఒక ఇల్లు కావాలన్నమాట. మీకు కుదరకపోతే, లెక్చరర్లలోనో, ఊళ్లో ఇల్లున్న క్లాస్‌మేట్లలోనో కుదిరేవాళ్లను వెతికిపెట్టొచ్చు. అదీ దత్తతలో భాగమే.

ఇంటికొచ్చిన మొదటి నెల

ఏది తెచ్చినా మొదట పశువైద్యుడికి చూపించండి. కుక్కకైనా పిల్లికైనా నట్టల మందు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, వయసు రాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఏటా జులై 6న, ప్రపంచ జునోసిస్ దినోత్సవం సందర్భంగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో ఇదే తేదీన లూయీ పాశ్చర్ తొలి రేబిస్ టీకాను ఓ బాలుడికి ఇప్పించారు. పోటీ పరీక్షలకు కూడా పనికొచ్చే బిట్టే ఇది.

ఎవరికి కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే సబ్బు, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ‘మన కుక్కే కదా’ అని ఊరుకోవద్దు.

కుందేలుకు క్యారెట్ ప్రధాన ఆహారమన్నది సినిమా మాట. దానికి రోజంతా కావాల్సింది ఎండుగడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. క్యారెట్ ఎప్పుడో ఓ ముక్క చాలు. గినీపిగ్‌లకు మనలాగే సి-విటమిన్ బయటి నుంచి అందాలి, అందుకే తాజా ఆకుకూరలు తప్పనిసరి. మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు చిదిమి వేయడం అసలు వద్దు. అమాక్సిసిలిన్ లాంటి మామూలు మందే నోటి ద్వారా ఇస్తే వీటి ప్రాణం తీస్తుంది.

ఇక ఎండ. లంబసింగి మంచు మనకు దగ్గరే కానీ, ఘాట్ దిగి నర్సీపట్నం వచ్చాక వేసవి సంగతి మీకు తెలిసిందే. 30 డిగ్రీలు దాటితే కుందేలుకు కష్టం మొదలవుతుంది. రేకుల షెడ్డులో బోను పెట్టి కాలేజీకి వెళ్లిపోతే సాయంత్రానికి అది ఉండకపోవచ్చు. నీడ, గాలి, తడి గుడ్డ, చల్లని నీళ్లు ఇంట్లో అమర్చగలరా అన్నది ముందే చూసుకోండి.

‘పిల్లలు తీసి అమ్మితే ఆదాయమేగా?’

ఉద్యోగం లేని రోజుల్లో ఈ ప్రశ్న ఎవరికైనా వస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా కాగితం మీద పెడదాం. ఒక ఆడ కుందేలు ఏడాదికి ఆరు ఈతలు, ఈతకు ఆరు పిల్లలు అనుకుంటే 36. వీడియోలో అన్నిటినీ రూపాయల్లోకి మార్చి చూపిస్తారు. కొన్ని చనిపోతాయని, మేత, మందులు, బోనులకు ఖర్చవుతుందని చెప్పరు. అసలు ప్రశ్న, మీ ఊళ్లో ఏటా 36 కుందేళ్లను పెట్స్‌గా కొనేదెవరు? మొదటి నెల స్నేహితులు కొంటారు. తర్వాత? అమ్ముడుపోని పిల్లలు ఆరు నెలలకే మళ్లీ పిల్లలు పెడతాయి. చాలామంది ఈ వ్యాపారం నుంచి బయటపడే సమయానికి జంతువుల పరిస్థితి ఏమిటన్నది ఎవరూ వీడియో తీయరు. ఎక్కువసార్లు లాభం వచ్చేది మొదటి జతను మీకు అమ్మినవాడికే.

జంతువులంటే ఇష్టాన్ని ఉపాధిగా మార్చుకునే దారులు వేరే ఉన్నాయి. ఇంటర్ బైపీసీ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే, ఐదున్నరేళ్ల బీవీఎస్సీ ఏహెచ్ కోర్సు గురించి చెప్పండి. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో విజయనగరం జిల్లా గరివిడిలో ఉన్నది మనకు దగ్గర. అదే విశ్వవిద్యాలయం పరిధిలో పదో తరగతి తర్వాత చేరే రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. 2023 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1,896 పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఈ డిప్లొమా చదివినవాళ్లకు అవకాశం వచ్చింది.

మీరు ఇప్పటికే బీకామో, బీఎస్సీయో చేస్తుంటే? నగరాల్లో పెట్ గ్రూమింగ్, యజమానులు ఊరెళ్లినప్పుడు పెట్స్‌ని చూసుకునే బోర్డింగ్, క్లినిక్ నిర్వహణ, పెట్ ఫుడ్ అమ్మకాలు.. ఇవన్నీ కొత్త పనులు. వీటిలో వేటికీ ఒక తల్లిని బోనులో పెట్టి పిల్లలు తీయాల్సిన అవసరం లేదు. షెల్టర్‌లో వలంటీరుగా చేసిన పని రెజ్యూమెలో కూడా నిలబడుతుంది. అయితే ‘జంతు ప్రేమికుడిని’ అని రాస్తే సరిపోదు. ఎన్ని నెలలు చేశారు, ఎన్ని కుక్కలకు టీకాలు వేయించారు, ఎన్నిటికి ఇళ్లు వెతికారు అన్నది రాయండి. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు చెప్పడానికి నిజమైన సంగతి ఉంటుంది.

తెచ్చుకునే ముందు ఆరు ప్రశ్నలు

• వచ్చే ఐదేళ్లలో నేను ఊరు మారితే దీన్ని ఎవరు చూస్తారు? వాళ్ల నోటితో ‘సరే’ అనిపించుకున్నానా?
• నెలకు మేత, మందుల ఖర్చు నా సొంత డబ్బుతో పెట్టగలనా, నాన్న జేబు చూడాలా?
• ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, అలర్జీ ఉందా?
• కుందేళ్లు, పక్షుల గురించి తెలిసిన వైద్యుడు ఎంత దూరంలో ఉన్నారు?
• పండక్కి అందరం ఊరెళ్తే రెండ్రోజులు ఎవరి దగ్గర ఉంచాలి?
• రైల్లో వెంట తీసుకెళ్లాలంటే నియమాలు తెలుసా? కుక్కను ఫస్ట్ ఏసీ కూపేలోనో, గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్‌లోనో తీసుకెళ్లొచ్చు. మిగతా బోగీల్లోకి రానివ్వరు.

ఆరింటికీ జవాబు ఉంటే దత్తత తీసుకోండి. రెండింటికైనా జవాబు దొరకకపోతే ఇప్పటికి ఆగండి. ఆగడమంటే ప్రేమ లేదని కాదు. అప్పటిదాకా చేయడానికి పని చాలానే ఉంది. కాపాడిన జంతువును ఇల్లు దొరికేదాకా కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకునే ‘ఫోస్టరింగ్’ మీ సెలవులకు సరిగ్గా సరిపోతుంది. జులై 6న మీ వీధిలో పెంపుడు కుక్కలున్నవాళ్లను పశువుల ఆసుపత్రికి నడిపించొచ్చు. పట్టణ శివార్లలోనో, పల్లెలోనో పశువుకు బాగోలేకపోతే 1962కు ఫోన్ చేయాలని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పొచ్చు. ‘బర్త్‌డేకి కుందేలు కొనిస్తా’ అనే స్నేహితుడికి ఈ ఆరు ప్రశ్నలూ పంపొచ్చు.

ఉద్యోగం వచ్చి, సొంతంగా ఓ ఇల్లు తీసుకుని, తాళంచెవి చేతిలో పడ్డాక తెచ్చుకుంటే ఇంకా మంచిది. ఇల్లు కోసం చూసే జీవులు అప్పటికీ ఉంటాయి.